పురుగుల మేర

మా ఆయన బస్సు కండక్టరు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో చావు అన్నది ఉత్తరం కంటే ముందు ఆయన చెవిన పడుతుంది. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో నిలబడి, "మామ పోయిండటనే. హసన్‌పర్తి కాడ బస్సెక్కినోళ్లు చెప్పిండ్రు" అన్నాడు.

నేను బియ్యం ఏరుతున్నాను. కాసేపు ఏది రాయో ఏది గింజో కనబడలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. వచ్చిందల్లా అయోమయం. బతికి ఉన్నన్నాళ్లూ ఆ మనిషిని చూస్తే నాకు కలిగింది అదే, పోయాక కూడా అదే కలిగింది. మంచివాడా అంటే మంచివాడే. తెలివైనవాడా అంటే ఒకసారి అవును, ఒకసారి కాదు. పిచ్చివాడా అంటే, ఆ మాట నేనే చాలాసార్లు అన్నాను, అన్న ప్రతిసారీ నాలుక కరుచుకున్నాను.

మామ అంటే మా ఆయనకు మేనమామ కాదు, నాకు మొగుణ్ణిచ్చిన మామ కాదు, కంచెకు అవతలి మనిషి. పెళ్లైన కొత్తలో, హనుమకొండకు మారకముందు, మేం హసన్‌పర్తి శివారులో చిన్న పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఇంటి వెనక తుమ్మకంప కంచె, కంచె వెనక ఆయన మిరపతోట. తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. ఎకరాల్లో కాదు, గుంటల్లో చెప్పుకునేంత చెలక. ఒక మూలన బావి, బావి పక్కన వాళ్ల ఇల్లు. ఆయన పేరు నాకు తెలుసు గానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా వినలేదు. అందుకని ఇక్కడా రాయడం లేదు.

నేను వరంగల్లులో మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. మా గల్లీలో పచ్చగా కనబడేవి రంగు వేసి ఆరబెట్టిన నూలు చిలపలే. మొక్కలంటే నాకు తెలిసింది తులసి ఒక్కటే, అది కూడా మా అమ్మ చూపిస్తే. అలాంటిదాన్ని తీసుకొచ్చి మిరపతోట పక్కన పడేశాడు మా ఆయన. కంచె సందుల్లోంచి చూస్తే ఆ తోట నాకు ఎవరో కావాలని చెడగొట్టిన పడుగులా కనిపించేది. మిరప వరుసలు తిన్నగా ఉండేవి. వాటి మధ్య మధ్య బంతి. చుట్టూ ఆముదం చెట్లు. ఆముదానికి బయట జొన్న, అది కోయడానికా, ఊరికే నిలబెట్టడానికా తెలియదు. గట్టు మీద ఉల్లి, ఓ మూలన మెంతి. ఇంత కలగాపులగం ఎందుకు, మిరప వేసుకుంటే మిరపే వేసుకోరాదా అనుకునేదాన్ని.

ఆయనతో మొదటి ముచ్చట ఒక ఆకు దగ్గర మొదలైంది. మా ఆయనకు రోజంతా బస్సులో నిలబడి కాళ్లు వాచేవి. ఆముదపాకు వేడిచేసి కడితే వాపు తీస్తుందని ఎవరో చెప్పారు. కంచె దాటి ఇవతలికి వంగిన కొమ్మ ఒకటి ఉంటే చెయ్యి చాపాను.

"ఆగు బిడ్డా, ఆగు!"

తలకు తువ్వాల చుట్టుకుని, చెవి సందున బీడీ ఒకటి, బంతిపువ్వు ఒకటి పెట్టుకుని బావి దగ్గర్నుంచి దాదాపు పరుగెత్తుకొచ్చాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఒక్క ఆకు తెంపుకుంట మామా. ఆయనకు కాళ్లు వాచినయ్."

"నాదైతె చెట్టే ఇద్దును బిడ్డా. అది నాది కాదు."

"మరెవలది?"

"వాళ్లది. వాళ్లనడుగు."

నేను అటూ ఇటూ చూశాను. బావి దగ్గర మనిషి లేడు, చెలకలో మనిషి లేడు. ఆయన ఆకును మెల్లగా, నిద్రపోతున్న పసిపాప దుప్పటి ఎత్తినట్టు ఎత్తి కింది వైపు చూపించాడు. సన్నటి పచ్చ పురుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని గుంపుగా ఉన్నాయి. ఆకు పచ్చదనమంతా గీకేసి ఈనెలు మిగిల్చాయి.

"వీళ్లకు ఇచ్చిన. ఇచ్చినంక నాదెట్లయితది?"

గబగబా ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాను. మనం పిచ్చివాడి పక్కన దిగినం అని మా ఆయనతో చెప్పాను. మరునాడు పొద్దున తలుపు తీస్తే గడప ముందు లేత ఆముదపాకులు, తడిగుడ్డ చుట్టి పెట్టి ఉన్నాయి. చెరువు కట్ట దాకా నడిచి వెళ్లి అక్కడ ఎవరూ వేయకుండా మొలిచిన ఆముదం చెట్ల నుంచి తెచ్చాడట. తోట చుట్టూ చెట్లు పెట్టుకుని ఆకుల కోసం చెరువు కట్టకు పోయిన మనిషిని ఏమనాలో నాకు ఆ రోజు తెలియలేదు.

తర్వాత తర్వాత సంగతి కాస్త తెలిసింది. మా వైపు పంట కల్లానికి వస్తే చాకలికి, మంగలికి, వడ్రంగికి గింజలు కొలిచి ఇస్తారు. దాన్ని మేర అంటారు. ఏడాదంతా పని చేసినందుకు వాళ్ల హక్కు అది, బిచ్చం కాదు. ఇచ్చిన మేరను వెనక్కి గుంజుకున్నవాడి ఇంట్లో నీళ్లు కూడా తాగరు. మామ ఆ లెక్కను పురుగుల దాకా తీసుకుపోయాడు. ఆముదం పురుగుల మేర. ఏటా ఆముదం రెండాకులు వేయగానే ఆయన స్నానం చేసి, ఆ వరుస పక్కన నిలబడి, ఎదురుగా పెద్దమనుషులు కూర్చున్నట్టుగా చెప్పేవాడు.

"ఇగో, ఇది మీది, అది మాది. మీ మేర మీకు పెట్టిన. మిరపల కాలు పెట్టొద్దు. నేను మీ ఆకు ముట్ట."

నేను కంచె ఇవతల గిన్నెలు తోముతూ వినేదాన్ని. నవ్వొచ్చేది. విచిత్రమేమిటంటే, ఆముదం ఆకులు జల్లెడైపోయేవి, మిరప మాత్రం నిగనిగలాడుతూ ఉండేది. అప్పుడు నా నవ్వు ఆగిపోయేది.

చెట్లకు ఆయన వరసలు కలిపేవాడు. ఆముదం పెద్దన్న, దెబ్బలు ముందు వాడే తింటాడు. జొన్న కావలివాడు, ఎగిరొచ్చే చిన్న పురుగులను గాలిలోనే ఆపుతాడు. బంతి మరదలు. ఉల్లికి, చిక్కుడుకు పడదు, వాళ్లను ఒక గట్టున పెట్టకూడదు. విత్తనాలు పెట్టేముందు ఆయన గట్టు మీద కూర్చుని ఆలోచించే తీరు చూస్తే పిల్లకు సంబంధం చూస్తున్నాడేమో అనిపించేది. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను.

"మామా, బంతి ఎందుకు పెడ్తవ్ మిరపల?"

"దాని వాసన పురుగుకు గిట్టదు బిడ్డా."

బాగుంది, అర్థమైందనుకున్నాను. బతుకమ్మ పండుగకు ఊరి ఆడవాళ్లు బంతిపూల కోసం వచ్చారు. ఆయన పూలు ఇస్తూనే గొణిగాడు. "అన్ని తెంపకున్రి తల్లీ. జర ఉండనియ్యిన్రి. కాయ తొలిచే పురుగు ఆ మొగ్గల మీదనే గదా వచ్చి కూసునేది."

"వాసన గిట్టదంటివి గద మామా? గిట్టకపోతె వచ్చి ఎట్ల కూసుంటది?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "కొన్నిటికి గిట్టదు, కొన్నిటికి గిడ్తది. మనుషులు లేరా?"

పోనీ అదైనా ఖాయమా అంటే, ఇంకో రోజు మా ఆయన అడిగితే వేరే చెప్పాడు. మిరప ఒక్కతే ఉంటే భయంతో బుగులు పడుతుందట, తోడుకని బంతిని పెట్టాడట. మేమిద్దరం ఆ రాత్రి అన్నాల దగ్గర మూడు కారణాల్లో ఏది నిజమని వాదులాడుకుని, ఆఖరుకు ఎవరి అన్నం వాళ్లు తిన్నాం.

ఆయనకో చిన్న రేడియో ఉండేది. సాయంత్రం వ్యవసాయం ముచ్చట్లు పెట్టేవారు. ఒకరోజు అందులో ఎవరో అచ్చం ఈయన చెప్పినట్టే చెప్పారు, మిరప చుట్టూ ఆముదం వేయండి, లద్దెపురుగు ముందు ఆముదం మీదే గుడ్లు పెడుతుంది అని. మామ ముఖం వెలిగిపోయింది. గుడ్లున్న ఆకులను ఎప్పటికప్పుడు తెంపి కాల్చేయండి అని కూడా ఆ గొంతే చెప్పింది. ఆయన రేడియో చెవి మెలిపెట్టి ఆపేశాడు.

"అన్నీ మంచిగనే చెప్పిండు. ఆఖరుకే జర గలత్ చెప్పిండు."

ఆయన కొడుకు అక్కడే ఉన్నాడు. మనిషి కష్టజీవి, నోరు మాత్రం నిప్పు. కోపమొస్తే ముందున్న అన్నం పళ్లెం ఎగిరిపోయేది. చుట్టుపక్కల చెలకల్లో అందరూ పంపు భుజాన వేసుకుని మందు కొట్టడం మొదలుపెట్టిన రోజులవి. మందు కొట్టిన చేను చూసొచ్చినప్పుడల్లా అతనికి తండ్రి మీద మండేది.

"గలత్ నువ్వు చెప్తానవ్ బాపు! పురుగుకు మాటిచ్చుడేంది? పురుగుకు చెవులుంటయా?"

"నీకున్నయి గదరా. నువ్వు ఇంటానవా?"

కొడుకు లేచి వెళ్లిపోయాడు. నాకు అప్పుడు కొడుకు మాటే సబబు అనిపించింది. తెంపి పారేస్తే పోయేదానికి ఈ పట్టుదల ఏమిటి?

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది, మామ భార్య. నేను అత్తమ్మ అనేదాన్ని. సన్నగా, ఎప్పుడూ ఏదో మోస్తూ కనిపించేది. తండ్రీకొడుకులు కొట్లాడుకుంటుంటే ఇద్దరికీ "ఊ" కొట్టేది. ఎవరి పక్షమో తెలిసేది కాదు. ఒక వేకువన వాకిలి చల్లుదామని లేచి వెనక్కి వెళ్తే, ఆముదం వరుసలో ఆమె కనిపించింది. పక్కన పెండ తట్ట. ఒక్కో ఆకు కింద చెయ్యి పెట్టి తిప్పి చూస్తోంది, టక్కున తుంచి తట్టలో పడేస్తోంది, పైన పేడ కప్పుతోంది. ఆ పనిలో ఉన్న చురుకుదనం చూస్తే కొత్తగా మొదలుపెట్టింది కాదని తెలిసిపోతోంది.

"ఏం చేస్తానవ్ అత్తమ్మా?"

ఆమె బెదిరిపోయింది. నేనని చూసి ఊపిరి తీసుకుంది. కంచె దగ్గరికి వచ్చి ఒక ఆకు కింద చూపించింది. గోధుమరంగు నూగుతో చిన్న మచ్చ. "ఇగో, గుడ్లు. గివి పగిలి పిల్లలై ఆకంత గీకి, బలిసినంక ఊకుంటయా? దిగి మిరపల పడ్తయ్. పొయ్యిల ఏస్త."

"మామ మాటిచ్చిండు గద?"

"ఆయిన మాట ఆయినది. నా మిరప నాది." అని మళ్లీ గొంతు తగ్గించింది. "చెప్పకు బిడ్డా. తెలిస్తె పానం ఇడుస్తడు. ఇన్నేండ్ల సంది పురుగులు తన మాట ఇంటానయ్ అనుకుంటాండు."

నేను చెప్పలేదు. కానీ ఆ తర్వాత మామ వరుస పక్కన నిలబడి, "సూసినవా బిడ్డా, మేర పెడితె ఎవలైన హద్దుల ఉంటరు" అన్నప్పుడల్లా నేను ఎక్కడ చూడాలో తెలియక పప్పు మాడుతోందని ఇంట్లోకి పరుగెత్తేదాన్ని. పప్పు అంతలా మాడే ఇల్లు హసన్‌పర్తిలో మాదొక్కటే అయి ఉంటుంది.

అలా కొన్నేళ్లు గడిచాయి. మిరప ఒక ఏడు బాగా పండింది, ఒక ఏడు ఆకుముడత వచ్చి సగం పోయింది. పండితే మామ మేర గొప్పతనం అనేవాడు. పోతే, "జొన్న పలుచగ పెట్టిన, తప్పు నాదే" అనేవాడు. ఆకుముడత వచ్చిన ఏడాది కొడుకు తెగేసి చెప్పాడు.

"ఇంకొక్క యేడు సూస్త బాపు. ఈసారి పురుగు మిరపలకొచ్చిందో, మందు డబ్బా ఇంట్లకొస్తది. నువ్వు అడ్డం పడ్డా సరే."

కొడుకు ఎవరినో అడిగి పంపు తెచ్చి వసారా గోడకు ఆనించాడు. డబ్బా ఒక్కటే తక్కువ.

సరిగ్గా ఆ గడువు ఏడాదే అత్తమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. దవాఖానకు పోయి ఆపరేషన్ చేయించుకో అంటే వినలేదు. మంచం మీద పడుకుంటే వేకువన ఆముదం వరుసకు ఎవరు పోతారని ఆమె ఫికర్. నేను పోతానంటే నవ్వేసింది. "నీకు మిరపకు, కలుపుకు తేడ తెల్వది. గుడ్లేం దొరుకుతయ్ బిడ్డా నీకు?" అది నిజమే కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను.

ఆమె తడుముకుంటూ తెంపడం మొదలుపెట్టింది. మంచి ఆకులు తట్టలోకి పోయేవి, గుడ్లున్న ఆకులు చెట్టుకే ఉండేవి. కొన్నాళ్లకు ఆముదం పక్కనున్న మొదటి మిరప వరుసలో ఆకులకు చిల్లులు పడ్డాయి. కొడుకు వాటిని చూశాడు. ఆ సాయంత్రం పంపు గొట్టం తీసి బావి దగ్గర కడిగాడు. మాట్లాడకుండా కడిగాడు, అందుకే మాకు ఎక్కువ భయమేసింది. మందు డబ్బాకు ఎప్పుడు బయల్దేరుతాడా అన్నట్టు ఉంది ఇల్లంతా.

మరునాడు వేకువన నేను ముందే లేచాను. కనీసం కంచెకు దగ్గరున్న చెట్లయినా చూద్దామని. అక్కడ అత్తమ్మ లేదు, మామ ఉన్నాడు.

ఆయన ఒక్కో ఆముదపాకు కింద తొంగి చూస్తున్నాడు. కొన్ని వదిలేస్తున్నాడు. కొన్నింటి దగ్గర ఆగి, ఆకు కాడను రెండు వేళ్ల మధ్య నలిపి కిందికి వంచుతున్నాడు. తెంపడం లేదు. వంగిన ఆకు చీర కొంగులా వేలాడుతోంది. వరుస అంతా అలా తిరిగి, చేతులు తుడుచుకుని, ఇంట్లోకి వెళ్లి మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. వసారాలోనే మంచం కాబట్టి నాకంతా కనబడుతూనే ఉంది.

కాసేపటికి అత్తమ్మ పెండ తట్టతో వచ్చింది. చేత్తో ఆకులను రాసుకుంటూ నడిచింది. తిన్నగా ఉన్న ఆకులను దాటేసింది. వేలాడుతున్నది చేతికి తగలగానే తెంపింది. మళ్లీ నడిచింది, మళ్లీ వేలాడేది తెంపింది. వరుస చివరకు వచ్చేసరికి గుడ్లున్న ఆకు ఒక్కటి కూడా చెట్టుకు మిగల్లేదనుకుంటాను. నేను కంచె పట్టుకుని నిలబడిపోయాను. అరచేతిలో తుమ్మముల్లు దిగిన సంగతి ఇంట్లోకొచ్చాక గాని తెలియలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు మొదట కోపమొచ్చింది. ఇన్నేళ్లూ తెలిసే ఉండి, మాట తనకు, పాపం ఆమెకు పంచి పెట్టాడా ఈ పెద్దమనిషి? మధ్యాహ్నం ఆయన గట్టు మీద ఒక్కడే ఉంటే వెళ్లి అడిగేశాను.

"మామా, పొద్దుగాల ఆకులెందుకు వంచినవ్?"

"గాలికి వంగినయేమో బిడ్డా."

"ఆ గాలికి తలకు తువ్వాల గూడ ఉండె."

ఆయన నవ్వలేదు. బీడీ వెలిగించుకోబోయి మానేశాడు.

"తెంపొద్దని మాటిచ్చిన. వంచొద్దని ఇయ్యలే."

"అత్తమ్మ తెంపుతాందని నీకెప్పటి సంది ఎరుక?"

"పెండల ఆకులు పొయ్యిల కాలితె వాసన రాదా? ఆముదపాకు వాసన నాకు తెల్వదా?" అన్నాడు. వెలిగించని బీడీని మళ్లీ చెవి సందున దోపుకున్నాడు. "ఆమెకు చెప్పకు బిడ్డా. నాకెరుకని తెలిస్తె తెంపుడు ఆపుతది. ఆపితె మిరప పోతది. మిరప పోతె వాడు డబ్బా తెస్తడు."

"తెస్తె తేనియ్యి మామా. అందరు కొడ్తలేరా?"

"అందరి కొడుకులసొంటోడు కాదు గద వాడు." ఆయన కొడుకు వినేంత దూరంలో లేడని చూసుకున్నాడు. "పక్కూళ్లె ఒగాయన, పెండ్లాంతోని లొల్లి పెట్టుకోని, ఇంట్లున్న డబ్బా ఏం చేసుకున్నడో నువ్వూ ఇన్నవు. మా వాడు అన్నం గిన్నె ఇసిరేటోడు. గిన్నె ఇసిరితె సొట్ట పోతది. ఆ టైముకు చేతికాడ గిన్నె గాక డబ్బా ఉంటె?"

నేను వసారా గోడకు ఆనించిన పంపు వైపు చూశాను.

"ఇసం ఇంట్లకు రావద్దు. గంతే. మేర అంటె వాడు నవ్వుతడు. నవ్వనీ. నీ కోపానికి బుగులైతాంది కొడుకా అంటె వాడు నన్ను ఇడిచిపెడ్తడా?"

ఇంటికి వచ్చాక నా తల తిరిగిపోయింది. అయితే మేర అంతా కొడుకు కోసం కట్టిన కథేనా? కాదే, కొడుకు పుట్టకముందు నుంచే పురుగులకు మాట ఇస్తున్నాడని అత్తమ్మ చెప్పేది. చెరువు కట్ట దాకా నడిచి నాకు ఆకులు తెచ్చిన రోజు ఆయన ఎవరి కోసం నటించాడు? నమ్మకమే అయితే ఆకు కాడ ఎందుకు నలిపాడు? ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోయేది. తెగిన దారాన్ని ఎక్కడ అతకాలో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఈ మనిషిలో మాత్రం ఏ పోగు ఎక్కడిదో ఎన్నడూ దొరకలేదు.

ఆ ఏడు మిరప పండింది అని గట్టిగా చెప్పలేను, పోయింది అనీ చెప్పలేను. మొదటి వరుస పోయింది, లోపలి వరుసలు నిలబడ్డాయి. కొడుకు సణిగాడు గానీ డబ్బా తేలేదు. పంపు ఎవరిది వాళ్లకు వెనక్కి వెళ్లింది. బంతి కాపాడిందో, జొన్న కాపాడిందో, వాన సమయానికి పడడం కాపాడిందో, ఆ వేలాడిన ఆకులు కాపాడాయో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా చెప్తే నేను నమ్మను.

తర్వాత మా ఆయన డిపో మారి మేం హనుమకొండకు వచ్చేశాం. అప్పుడప్పుడు ఎర్రటి మిరపపండ్లు సంచిలో కట్టి బస్సుకు పంపేవాడు మామ. బదులు నేను మా అమ్మగారింటి నుంచి తువ్వాలలు పంపేదాన్ని. చూడ్డానికి వెళ్లింది తక్కువ. ఆయన చివరి రోజుల్లో ఎలా ఉన్నాడో నాకు తెలియదు. దగ్గుతో పడ్డాడని, ఎక్కువ బాధపడకుండానే పోయాడని మా ఆయన చెప్పిందే తెలుసు.

మా ఆయనకు సెలవు దొరికి మేం వెళ్లేసరికి మూడో రోజు, పిట్టకు పెట్టే రోజు, అంటే కాకికి పిండం పెట్టే రోజు. మొదటి బస్సుకు బయల్దేరాం కాబట్టి అప్పటికింకా చుట్టాలు లేవలేదు. మా పాత ఇంటి పక్క నుంచే దారి. మిరప మోకాలెత్తు పెరిగి ఉంది, బంతి పూసింది. ఆముదం వరుస దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. ఇప్పుడు ఆమెకు వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియదట. నా చెయ్యి పట్టుకుని, వేళ్లు తడిమి, నన్నే అని గుర్తుపట్టింది. ఇద్దరం ఏడ్చాం. ఆ ఏడుపు నాకు మూడు రోజుల నుంచి బాకీ ఉంది.

ఏడుపు ఆగాక ఆమె, పొద్దున లేస్తే కాళ్లు ఇటే వచ్చాయి బిడ్డా, చెయ్యి ఊరుకోదు కదా అంది. అంటూ అలవాటుగా ఆకుల మీదుగా చెయ్యి పోనిచ్చింది. ఒకచోట ఆ చెయ్యి ఆగింది. ఆకు వేలాడుతోంది. నేనూ అప్పుడే చూశాను. వరుసలో అక్కడక్కడా ఆకులు వేలాడుతున్నాయి, కాడల దగ్గర నలిపిన గుర్తు పచ్చిగా ఉంది.

అత్తమ్మ ముఖం నా వైపు తిప్పింది.

"మీ మామ పోయిండు గద బిడ్డా. మరి ఇవెవలు వంచిండ్రు?"

"నీకెరుకేనా అత్తమ్మా? ఇన్నొద్దులు?"

"కండ్లు పోయినయి గని చేతులు పోలే గద," అంది. "వంగిన ఆకు కిందనే గుడ్లెందుకుంటయ్ బిడ్డా? మంచంల పడ్డంక గూడ ఆయినే లేసొస్తాండనుకున్న. చెప్తె ఆయిన మాట పోతది. చెప్పలే."

వెనక నుంచి చప్పుడైంది. కొడుకు బావి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. గుండు చేయించుకున్నాడు, తండ్రిలా కనిపిస్తున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

"నేనే అవ్వా," అన్నాడు తల్లితో. అతని నోట అంత మెత్తటి మాట నేను ఎప్పుడూ వినలేదు. "బాపు మంచంల పడ్డకాడి నుంచి నేనే వంచుతాన. బాపే సూపెట్టిండు."

"మందు తెస్తవా మరి?" అంది ఆమె.

"తేను."

ఆమె తలూపింది. వేలాడుతున్న ఆకును అరచేతిలోకి తీసుకుంది. కింద ఆ గోధుమరంగు మచ్చ ఉంది, నాకు కూడా కనబడింది. తెంపుతుందని నేను పెండ తట్ట దగ్గరికి జరిపాను. ఆమె ఆకును వదిలేసింది.

"ఇయ్యాల వద్దు బిడ్డా. ఈ ఒక్కనాడు తిననీ. ఒక్కనాడన్న ఆయిన మాట నిజం కానీ."